బుధవారం, పోటు దిగాక

గోపాలపురం వద్దని ముందే అనుకున్నాం.
అక్కడ గుర్రాలుంటాయి, ఫోటోలవాళ్ళుంటారు,
తడిసిన చీర ఆరినా
దాని మీద పడ్డ కళ్ళు ఆరవు.
సోనాపురమైతే
సరుగుడు తోట దాటాక మనిషి కనిపించడంది బసంతీ అపా.
బాహుదా అక్కడిదాకా వచ్చి
సముద్రంలో కలవడానికి కాస్త మొహమాటపడి
ఇసకలో పక్కకి తిరుగుతుందట.

కరెంటు బిల్లు వెనక రాసుకున్నాం.
ఆదివారం వద్దు, కుర్రాళ్ళు సీసాలతో వస్తారు.
శనివారం మగ్గాలవాళ్ళకి కూలి లెక్క కట్టాలి నేను.
మార్గశిరం గురువారాలు అపా గడప దాటదు,
మాణం నిండా కొత్త వడ్లు పోసి లక్ష్మిని కూర్చోబెడుతుంది.
బుధవారం మీద ఎవరికీ పేచీ లేదు.
ఆటో పూర్ణో పద్నాలుగు వందలన్నాడు.
పదకొండుకి దింపాం, మధ్యాన్నం పఖాళ మాతోపాటే అన్నాక.
ఎండుచేప వేయించేది ఎవరో ఇంకా తేలలేదు.

"ఇంట్లో ఏటని చెప్పడమే?" అంది వరహాలు వదిన.
సముద్రస్నానం అని చెప్పు.
స్నానమంటే పుణ్యం అనుకుంటారు,
ఈత అంటే
యాభై ఏళ్ళ ఆడదానికి ఏదో పట్టిందనుకుంటారు.
నిజానికి వాళ్ళిద్దరికీ కూడా స్నానమనే చెప్పాను.

ఒడ్డున ఉండే చోడిపిల్లి కొర్లయ్యకి ఫోన్ చేశాం.
వల బాగుచేసుకుంటున్నట్టున్నాడు, నోట్లో దారం పెట్టుకుని మాట్లాడాడు.
"పున్నమి ఎల్లిన మూడో నాడు రండమ్మా, పోటు దిగాక.
నది నోటికాడ దిగకండి, అడుగున గుంటలు ఊరు మారుస్తుంటాయి.
మోకాలి దాకా మీది.
నడుం దాకా నాది, నాను చూసుకుంటాను.
ఆ పైన దానిది."
అపా అది ఒడియాలోకి మార్చి రాసుకుంది,
ఎందుకో 'దానిది' దగ్గర కలం ఆపింది.

నేను ఈదాను ఒకప్పుడు.
ఇచ్ఛాపురంలో, అమ్మమ్మగారి ఊళ్ళో,
ఇదే బాహుదాలో, వంతెన నీడ అవతల ఒడ్డుని ముట్టే వేళకి
అన్నల కన్నా ముందు నేనే ముట్టేదాన్ని.
పన్నెండో ఏడు రాగానే
నా లంగా దండెం మీద విడిగా ఆరెయ్యడం మొదలుపెట్టారు,
నదిని మాత్రం అన్నలకి వదిలేశారు.
ముప్పై తొమ్మిదేళ్ళు.
ఈత మరుపుకి రాదంటారు చూడు,
ఆ మాట ఎవరో మగవాడే అనుంటాడు.

మొదటి బుధవారం వాయుగుండం.
రేడియోవాడు తీరం తీరమంతా పేర్లు చదువుతుంటే
మా ఇసక పేరు కూడా చదివాడు, ఏదో దొరికిపోయినట్టు అయింది.
రెండో బుధవారం వదిన మనవడికి జ్వరం.
బిల్లు కాగితం మడతల దగ్గర చిరిగింది,
పదకొండు వందలు చిరిగి పదకొండు అయింది.
పూర్ణో మళ్ళీ పద్నాలుగు అన్నాడు.

ఈలోగా రాత్రుళ్ళు
అందరూ పడుకున్నాక స్నానాలగదిలో గడియ పెట్టి
పెద్ద బకెట్లో ముఖం ముంచుతున్నాను.
చదువు ఒడియా బడిలో, అందుకని
ఎక, దుయి, తిని అని లెక్క ఒడియాలో వస్తుంది,
భయం మాత్రం తెలుగులోనే.
తొలినాడు తొమ్మిది.
ముక్కులోకి నీళ్ళెక్కి దగ్గితే
మా ఆయన తలుపు కొట్టి విక్స్ అందించాడు.
కళ్ళు తెరిచి చూస్తే అడుగున నీలం ప్లాస్టిక్,
మధ్యలో కంపెనీవాడి గుండ్రటి ముద్ర,
తిరగేసిన చందమామలా.
అది మసకబడేదాకా ఉండాలి.
పదిహేడు. తరవాత రెండు రోజులు పదిహేడే.

సంచీ తలుపు వెనక వేలాడుతోంది.
తువ్వాలు, కొబ్బరినూనె, అపా కోసం తమలపాకులు,
అన్నిటికీ అడుగున
చిన్నబజారులో మేనల్లుడికని చెప్పి కొన్న నిక్కరు.
కొర్లయ్య ఇందాక ఫోన్ చేశాడు, గాలి లేదట.
పూర్ణో బయానా అడుగుతున్నాడు.
వదిన ఇంకా ఏమీ తేల్చలేదు.

ఇవాళ మంగళవారం.
ఇరవై మూడు దాకా వచ్చాను.